ఎర్ర మూత కింద ఏముంది? మినీ కూపర్ నుంచి సనయ్య గ్యారేజీ దాకా బ్రేకుల కథ

ఈ వారం ఎపిసోడ్‌లో బ్రేకుల గురించి మాట్లాడుకున్నాం. అరగంటలో చరిత్ర అంతా పట్టలేదు, అందుకే మిగిలింది ఇక్కడ రాస్తున్నా. నేను ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడ్ చదివి, దోహాకు వచ్చి బిల్డింగుల దగ్గర సూపర్‌వైజర్ అయినవాణ్ణి. పాన చేతిలో నుంచి పోయింది గానీ ఆ పిచ్చి పోలేదు.

కంపెనీ కారుకు మంచి ఇంజన్ పెట్టి, బ్రేకు మాత్రం అంతంతమాత్రంగా ఇవ్వడం కొత్త సంగతి కాదు. దీనికి బాగా పేరుమోసిన ఉదాహరణ మినీ కూపర్. ఆ కారు పుట్టుకకు కారణం మన గల్ఫ్ నూనే అంటే మీరు నమ్మరు. 1956లో సూయజ్ కాలువ గొడవ వచ్చింది, ఇటు నుంచి పోయే నూనె ఓడలు ఆగిపోయాయి, ఇంగ్లండులో పెట్రోలుకు రేషన్ పెట్టారు. తక్కువ పెట్రోలు తాగే చిన్న కారు చేసిపెట్టమని బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అలెక్ ఇసిగోనిస్ అనే ఇంజనీరుకు చెప్పింది. 1959 ఆగస్టులో మినీ బయటికొచ్చింది. 848 సీసీ ఇంజన్, 34 హార్స్ పవర్. లోపల జాగా మిగలాలని చక్రాలు మరీ చిన్నవి, 10 అంగుళాలే. నాలుగింటికీ డ్రమ్ బ్రేకులు.

అప్పుడు జాన్ కూపర్ దిగాడు. ఆయన రేసు కార్లు కట్టేవాడు. 1959, 1960 రెండేళ్ళూ ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఆయన కార్లదే. ఆయన సలహాతో 1961లో మినీ కూపర్ వచ్చింది. 997 సీసీ, 55 హార్స్ పవర్. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు పెట్టారు. ఆ రోజుల్లో చిన్న కారుకు డిస్కులంటే గొప్పే. కానీ ఆ డిస్కు ఎంతో తెలుసా? 7 అంగుళాలు, జానెడు కూడా లేదు. 10 అంగుళాల చక్రం లోపల పెద్ద డిస్కు పట్టించడం కష్టం మరి. కాగితం మీద డిస్క్ బ్రేకు, రోడ్డు మీద మాత్రం కారుకున్న వేగానికి చాలని బ్రేకు. కొన్నవాళ్ళు గొణుక్కుంటూ ప్యాడ్లు మార్చుకున్నారు, సర్వోలు తగిలించుకున్నారు.

1963లో కంపెనీయే కూపర్ ఎస్ తెచ్చింది. 7.5 అంగుళాల డిస్కు, మందం కూడా ఎక్కువ, పైగా సర్వో. అర అంగుళమే గదా అనిపిస్తుంది. ఆ అర అంగుళం ఇరికించడానికి చక్రం లోపల ఎంత కుస్తీ పట్టి ఉంటారో, ఇరుకు షాఫ్టులో డక్టు దించినవాళ్ళకు చెప్పక్కర్లేదు. 1964లో ప్యాడీ హాప్‌కిర్క్ కూపర్ ఎస్‌తోనే మాంటే కార్లో ర్యాలీ గెలిచాడు.

ఇక్కడ ఒక చిన్న లెక్క. బ్రేకు చేసే పని కారును ఆపడమే అనుకుంటాం. అసలు అది చేసేది పరుగును వేడిగా మార్చడం. 1400 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దానిలో దాదాపు 540 కిలోజౌళ్ళ శక్తి ఉంటుంది. ఎండాకాలంలో మన క్యాంపు ట్యాంకు నీళ్ళు 40 డిగ్రీల దాకా ఉంటాయి గదా, ఆ నీళ్ళు 2 లీటర్లు మరిగించేంత వేడి అది. ఒక్కసారి నిండా ఆపితే ఆ వేడంతా నాలుగు చక్రాల దగ్గర పుడుతుంది. అదే 140 మీద ఆపితే వేగం పెరిగింది 40 శాతమే అయినా వేడి దాదాపు రెట్టింపు. ఇంజన్ పెంచినంత తేలిగ్గా బ్రేకు పెంచలేకపోవడానికి కారణం ఈ లెక్కే.

డ్రమ్ముతో వచ్చిన తిప్పలూ వేడివే. డ్రమ్ అంటే మూత పెట్టిన గిన్నె. లోపల బ్రేక్ షూలు రాసుకుంటాయి, వేడి బయటికి పోదు. ఘాట్ రోడ్డు దిగుతూ నాలుగైదుసార్లు తొక్కేసరికి డ్రమ్ము ఉబ్బుతుంది, లైనింగు పట్టు జారుతుంది. డిస్కు అట్లా కాదు, గాలికి బయటే తిరుగుతుంది. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే డిస్క్ బ్రేకుకు పేటెంట్ తీసుకున్నాడు. రాగి ప్యాడ్లు ఇనుప డిస్కు మీద రాసుకుంటే వచ్చే కీచు శబ్దం ఎవరు భరిస్తారు? యాభై ఏళ్ళు దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత డన్‌లప్ కంపెనీ విమానాల కోసం తయారుచేసిన డిస్కులను జాగ్వార్ వాళ్ళు రేసు కారుకు పెట్టారు. 1953లో ఫ్రాన్సులోని లె మాన్స్ 24 గంటల పోటీని జాగ్వార్ సీ-టైప్ గెలిచింది. మిగతావాళ్ళు మలుపుకు చాలా ముందే బ్రేకు తొక్కుతుంటే, వీళ్ళు ఇంకొంత దూరం గట్టిగా పోయి ఆపేవాళ్ళు. రెండేళ్ళ తర్వాత మెర్సిడెస్ ఇంకా డ్రమ్ములతోనే వచ్చి, అవి చాలక సీటు వెనక పెద్ద రెక్క లేపి గాలితో ఆపే ఏర్పాటు చేసుకుంది. 80 మందికి పైగా చనిపోయిన ఘోర ప్రమాదం జరిగింది 1955 నాటి ఆ పోటీలోనే. దానికి బ్రేకుల తేడా ఒక్కటే కారణమని చెప్పలేం గానీ, ఆ మాట లేకుండా దాని గురించి చర్చ జరగదు. అదే ఏడు సిట్రోయెన్ డీఎస్‌తో మామూలు జనం కొనే కారుకు కూడా ముందు డిస్కులు వచ్చాయి.

మన దేశంలో కథ నిదానం. మద్రాసులో టీవీఎస్ వాళ్ళు ఇంగ్లండు కంపెనీతో కలిసి 1962లో బ్రేక్స్ ఇండియా పెట్టారు. అంబాసిడర్ మాత్రం చాలా ఏళ్ళు డ్రమ్ములతోనే నడిచింది. దానికి పెద్ద ఇబ్బంది కాలేదు, ఎందుకంటే అది ఆపాల్సినంత వేగం అందుకునేదే తక్కువ.

ఇక ఖతర్. ఇక్కడి కుర్రాళ్ళకు సుబారు ఇంప్రెజా మీద మోజు ఊరికే రాలేదు. నాసర్ అల్-అతియా 2006లో ప్రొడక్షన్ కార్ల ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్ గెలిచింది ఇంప్రెజా మీదే. షోరూంలో అమ్మే కారుకు దగ్గరగా ఉండే కార్లతో ఆడే విభాగం అది. తర్వాత 2011లో ఆయన మొదటిసారి డకార్ గెలిచాడు, 2012 లండన్ ఒలింపిక్స్‌లో తుపాకీతో స్కీట్ షూటింగ్‌లో కంచు పతకం కూడా తెచ్చాడు. అది వేరే ఎపిసోడ్ కథ.

ఇంప్రెజాలో అప్పట్లో డబ్ల్యూఆర్ఎక్స్, దాని పైన ఎస్టీఐ ఉండేవి. 2002లో అమెరికాలో అమ్మిన డబ్ల్యూఆర్ఎక్స్‌కు టర్బో ఇంజన్ ఇచ్చి, ముందు రెండు పిస్టన్ల మామూలు స్లైడింగ్ కాలిపర్ పెట్టారు. 2004లో వచ్చిన ఎస్టీఐకి ముందు 326 మిల్లీమీటర్ల డిస్కు, నాలుగు పిస్టన్ల బ్రెంబో కాలిపర్. అంటే అసలు ఎట్లా ఆపాలో కంపెనీకి తెలుసు, ఎక్కువ డబ్బులు పెట్టినవాడికే ఇచ్చింది. 2006లో డబ్ల్యూఆర్ఎక్స్‌కు కూడా నాలుగు పిస్టన్ల కాలిపర్ వచ్చింది. 2008 మోడల్లో మళ్ళీ తీసేసి రెండు పిస్టన్లే పెట్టారు! కంపెనీ లెక్క కంపెనీది. రోజూ ఆఫీసుకు పోయి వచ్చేవాడికి ఆ రెండు పిస్టన్లు చాలు. కొన్నవాడు మాత్రం ఆ టర్బోను చూసే కొంటాడు గదా.

బ్రెంబో కథా ఇట్లాంటిదే. 1961లో ఇటలీలో బెర్గామో దగ్గర చిన్న వర్క్‌షాపుగా మొదలైంది. 1975లో ఎంజో ఫెరారీ తన ఫార్ములా వన్ కారుకు వాళ్ళ బ్రేకులు అడిగాడు. అప్పటి నుంచి ఆ పేరుకు వచ్చిన విలువ ఎంతంటే, ఇప్పుడు ఆ పేరు రాసిన ఎర్ర మూతలు విడిగా అమ్ముతున్నారు. మామూలు కాలిపర్ మీద తగిలించుకోవడానికి! అది బ్రేకు కాదు, తొడుగు. పైగా గాలి తగలాల్సిన చోట అడ్డం.

మా సైట్‌లో సర్వేయర్‌గా చేసే కరీంనగర్ తమ్ముడొకడు పాత ఇంప్రెజా కొన్నాడు. రోజూ అల్ వక్రా నుంచి లుసైల్‌కు, పోను రాను. ఆగస్టులో ఒక సాయంత్రం హైవే మీద ముందు బండ్లన్నీ ఒక్కసారిగా ఆగాయట. ఇతను తొక్కితే పెడల్ మెత్తగా కిందికి పోయింది, రెండోసారి తొక్కితే గానీ పట్టలేదు. ముందున్న వాటర్ ట్యాంకరుకు మూరెడు దూరంలో ఆగాడు. మర్నాడు సనయ్యలో ఒక గ్యారేజీకి పోతే, నాలుగు పిస్టన్ల కిట్టు వేసుకోమన్నారు, రెండు నెలల జీతం అడిగారు. "అన్నా, ఊరికి పంపే పైసలు ఈసారి ఆపి వేయిస్తా, పానం కన్నా ఎక్కువనా?" అన్నాడు. ముందు చక్రం విప్పి చూద్దాం పట్టు, తర్వాత చూసుకుందాం కిట్టు సంగతి అన్నాను.

విప్పితే పాత ఓనరు తగిలించిన ఎర్ర మూత కనిపించింది. దాని కింద కంపెనీ కాలిపరే. ఒక పక్క స్లైడర్ పిన్ను తుప్పు పట్టి బిగుసుకుపోయింది, దాంతో ఒక ప్యాడు సగం ఉండగానే ఇంకోటి అరిగిపోయింది. బ్రేక్ ఆయిల్ కరక్ చాయ్ రంగులో ఉంది.

"బ్రేకు వీక్" అనే ఒక్క మాటలో మూడు వేరు వేరు జబ్బులు దాగి ఉంటాయి. కాలు గట్టిగా నొక్కాల్సి వస్తే అది సర్వో, లేదా ప్యాడు సంగతి. మొదట బాగా పట్టి, నాలుగైదుసార్లు తొక్కాక పట్టు జారితే అది వేడి. పెడల్ మెత్తగా కిందికి పోతే ఎక్కువగా ఆయిలే. మినీకి సర్వో పెట్టింది మొదటి దానికి, పెద్ద డిస్కు పెట్టింది రెండో దానికి. మా తమ్ముడిది మూడోది. పెద్ద కిట్టు వేసినా అదే పాత ఆయిల్ లోపలుంటే అదే పెడల్ మళ్ళీ అట్లాగే కిందికి పోయేది.

ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155. డాట్ 3కి ఇంకా తక్కువ, 205, 140. మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి. ఆయిల్ నలగదు గానీ బుడగ నలుగుతుంది, మనం తొక్కిన బలమంతా ఆ బుడగకే పోతుంది. దోహాలో ఆగస్టు ఉక్కపోత ఎట్లుంటదో మీకు చెప్పాలా? పొద్దున ఆరింటికే హెల్మెట్ లోపల నీళ్ళు కారతాయి. ఆ తేమే డబ్బా మూత తీసిపెడితే ఆయిల్‌లోకీ పోతుంది. రెండేళ్ళకోసారి మార్చాలి. సగం వాడి మూత తీసి పెట్టిన డబ్బాలోది అసలు పోయనివ్వకండి.

ఆ శుక్రవారం ఒక మలయాళీ మెకానిక్ దగ్గర మంచి ప్యాడ్లు వేయించాం, పిన్నులు శుభ్రం చేసి గ్రీజు పెట్టించాం, పగుళ్ళొచ్చిన రబ్బరు హోస్ పైపులు మార్పించాం, కొత్త డాట్ 4 పోసి నాలుగు చక్రాల దగ్గరా ఎయిర్ తీయించాం. డిస్కు మందం కొలిపించాం. ఎంత దాకా అరగొచ్చో డిస్కు మీదే పోతపోసి ఉంటుంది. అన్నీ కలిపి కొన్ని వందల రియాళ్ళు. ఎర్ర మూత చెత్తడబ్బాలోకి పోయింది, తమ్ముడికి అదొక్కటే బాధ.

ప్యాడ్ల విషయంలో ఒక మాట. రేసు ప్యాడ్లు అమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు. అవి వేడెక్కితేనే పట్టుకుంటాయి. పొద్దున ఇంటి ముందు మొదటి సిగ్నల్ దగ్గర చల్లగా ఉన్నప్పుడు జారతాయి. రోజూ నడిపే కారుకు అవి పనికిరావు. ప్యాడు వెనక ముద్రించిన నంబరు చివర రెండు ఇంగ్లిషు అక్షరాలుంటాయి, ఒకటి మామూలు వేడిలో పట్టుకు, ఇంకోటి ఎక్కువ వేడిలో పట్టుకు. ఇ కన్నా ఎఫ్, ఎఫ్ కన్నా జి గట్టిది. రెండో అక్షరం మొదటిదానికన్నా తక్కువైతే వేడికి పట్టు తగ్గే ప్యాడని అర్థం. కొత్త ప్యాడ్లు వేశాక ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 10 దాకా, పూర్తిగా ఆపకుండా, పదిసార్లు తగ్గించి కాసేపు చల్లారనివ్వాలి. పాత ప్యాడ్ల దుమ్మును గాలి పైపుతో ఊదనివ్వకండి. అందులో ఏం కలిపారో మనకు తెలియదు, పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది.

నిజంగా పెద్ద కాలిపర్ కావాలనుకుంటే ఎస్టీఐ బ్రెంబోలు పాత డబ్ల్యూఆర్ఎక్స్‌కు ఎక్కించేవాళ్ళున్నారు. కానీ 326 మిల్లీమీటర్ల డిస్కు 16 అంగుళాల చక్రంలో పట్టదు, 17 కావాలి, అంటే టైర్లూ కొత్తవే. ముందు మాత్రమే పెంచి వెనక వదిలేస్తే ముందు వెనకల పొత్తు చెడుతుంది. ఏబీఎస్ ఇప్పటికే కాలి కింద దడదడమని కొడుతోందంటే మీ బ్రేకుకు బలం తక్కువ లేదు, పట్టు లేనిది టైరుకు. పెద్ద బ్రేకు వేసినా ఆ ఒక్కసారి ఆగే దూరం తగ్గదు. ఇంకొకటి, ఇక్కడ ఫహస్ పరీక్ష ఉంది, ఇస్తిమారా ఉంది, ఇన్సూరెన్స్ ఉంది. కారు మారిస్తే ముందు ట్రాఫిక్ వాళ్ళను అడగండి.

మనలో కార్లున్నవాళ్ళు తక్కువే, సైటు పికప్ నడిపేవాళ్ళు ఎక్కువ. 2004లో లుసైల్ సర్క్యూట్‌ను దాదాపు వెయ్యి మంది పనివాళ్ళు రాత్రింబగళ్ళు చేసి ఏడాదికి కాస్త ఎక్కువ కాలంలో కట్టారు. అక్కడి మెయిన్ రోడ్డు కిలోమీటరు పైన తిన్నగా ఉంటుంది, దాని చివర మోటోజీపీ బండ్లు 300 పైన వేగం నుంచి ఒక్కసారిగా తగ్గుతాయి. ఆ బండ్లకు ఆట ఆటకూ బ్రేకులు విప్పి చూస్తారు. మన పికప్ బ్రేక్ ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారో మీ డ్రైవరును అడగండి, తెలియదంటే మీ సేఫ్టీ ఆఫీసరుకు రాసి ఇవ్వండి. నోటితో చెప్పొద్దు, కాగితం మీద.

టైరు మీద నాలుగంకెల నంబరు, అంటే ఏ వారం, ఏ ఏడాది తయారైందో ఎట్లా చదవాలో వచ్చే ఎపిసోడ్‌లో.