సీరియల్ సెట్టు: ఒక్క బల్బు పోతే దండంతా ఎందుకు ఆరిపోతుంది?

పెళ్ళిళ్ళ రోజుల్లో శంషాబాద్ ఫంక్షన్ హాళ్ళ ముంగిళ్ళు సీరియల్ సెట్లతో వెలిగిపోతాయి. అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడిలో శ్రీరామనవమి అయినా, వీధిలో వినాయక మండపమైనా ఆ దండలు లేకుండా కళ రాదు. తీరా పండగ పూట దండ వెలగకపోతే విప్పి పారేసి, ట్రూప్ బజార్ నుంచి కొత్తది తెస్తాం. దాని పుట్టుక తెలిస్తే అలా పారేసేవాటిలో చాలావాటిని బాగుచేసుకోవచ్చు.

ఎడిసన్ బల్బు 1879 నాటిది. ఆయన సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ 1882 డిసెంబరు 22న న్యూయార్క్‌లోని తన ఇంట్లో క్రిస్మస్ చెట్టుకు ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో 80 బల్బులు కట్టించి వెలిగించాడు. కొవ్వొత్తుల మంటకు భయపడాల్సిన పని తప్పింది. 1903 నాటికి అమెరికా దుకాణాల్లో తయారు దండలు అమ్మకానికి వచ్చాయి.

దండ చవకగా రావడానికి కారణం దాని అల్లిక. బల్బులను ఒకదాని వెనక ఒకటి, అంటే సిరీస్‌లో కలిపితే, వచ్చే వోల్టేజీని అవన్నీ పంచుకుంటాయి. అమెరికాలో 120 వోల్టుల మీద 15 వోల్టుల బల్బులు ఎనిమిది వెలిగేవి. మన 230 వోల్టులకైతే 6 వోల్టుల బుల్లి బల్బులు 38 దాకా పడతాయి. ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు, సన్నటి వైరు చాలు. కానీ కరెంటుకు ఉన్నది ఒకటే దారి. ఒక్క ఫిలమెంటు తెగితే ఆ దారి మూసుకుపోయి అన్నీ ఆరిపోతాయి.

దీనికి ఒక విరుగుడు బుల్లి బల్బు లోపలే పెట్టారు. ఫిలమెంటు కాళ్ళకు పూత పూసిన సన్నటి తీగను చుట్టారు. ఫిలమెంటు తెగగానే మొత్తం వోల్టేజీ ఆ ఒక్క బల్బు మీదే పడుతుంది. పూత చిట్లి, తీగ గుండా కరెంటు సాగిపోతుంది, మిగతావి వెలుగుతూనే ఉంటాయి. అయితే పోయిన బల్బు వాటా కూడా వాటి మీదే పడుతుంది. పోయినవి పోయినట్టే వదిలేస్తే మిగిలినవి మరింత ప్రకాశంగా వెలిగి, వరసగా మాడిపోతాయి.

ఇంకో విరుగుడు విమానాశ్రయాల్లో ఉంది. 2008లో తెరుచుకున్న శంషాబాద్ విమానాశ్రయపు ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు. అంతర్జాతీయ నియమం ప్రకారం ఇలాంటి రన్‌వే అంచు దీపాల మధ్య ఎడం 60 మీటర్లు మించకూడదు. ఇంత పొడవునా అన్నీ ఒకే తీరుగా వెలగాలంటే సిరీస్ పద్ధతే మేలు. అందుకే పెద్ద విమానాశ్రయాల్లో సాధారణంగా 6.6 ఆంపియర్లకు మించని స్థిర కరెంటును దీపాల వరస గుండా పంపుతారు. ప్రతి దీపానికీ విడి ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది కాబట్టి, ఒకటి పోయినా మిగతావి ఆరవు.

1962లో నిక్ హోలోన్యాక్ ఎర్రటి ఎల్ఈడీని వెలిగించాడు. నీలం ఎల్ఈడీ సాధించిన అకసాకి, అమనో, నకమురాలకు 2014లో నోబెల్ దక్కింది. నేటి తెల్ల సీరియల్ సెట్లకు మూలం ఆ నీలమే. ఒక్కో తెల్ల ఎల్ఈడీకి సుమారు 3 వోల్టులు చాలు. అందుకే వాటిని వరసలుగా విడగొట్టి, ఆ వరసలను పక్కపక్కన కలుపుతారు. అప్పుడు ఒక వరస ఆరినా మిగతావి వెలుగుతాయి.

కాబట్టి ఎక్కడ ఆరిందో చూస్తే తప్పెక్కడుందో తెలుస్తుంది. దండంతా ఆరితే ముందు సాకెట్టు, ప్లగ్గు, తర్వాత కంట్రోలర్ డబ్బా, దాని దగ్గరి వైర్లు చూడాలి. ఒక్క ముక్కే ఆరితే, తప్పు ఆ వరసలోనే ఉంది: తుప్పు పట్టిన ఎల్ఈడీ కాలో, ఊడిన అతుకో, వాననీళ్ళు దిగిన చోటో. పాత బల్బుల సెట్టయితే అదే వోల్టేజీ బల్బును ఒక్కొక్క చోటా మార్చి చూడాలి.

ఒక్క మాట మరవకూడదు. ఆరిన దండలో కరెంటు లేదనుకోవద్దు. తెగిన చోటు వరకూ ఫేజు నిలిచే ఉండొచ్చు. స్విచ్చి కట్టేస్తే సరిపోదు, ప్లగ్గు పీకాకే చెయ్యి పెట్టాలి. అతికిన చోట ఇన్సులేషన్ టేపు చుట్టాలి. వైరే చిట్లిపోయి ఉంటే మాత్రం ఆ సెట్టును వదిలేయడమే క్షేమం. మిగతా లోపాల్లో చాలావాటికి ఒక బల్బో, ఒక అతుకో సరిపోతుంది.