కట్టడియు లెక్కయు

వ్యాధి ఊరిలో ప్రవేశించినపుడు రెండు తగవులు పుట్టుచుండును. ఊరికి కట్టడి చేయవలెనా, వలదా యనునది మొదటిది. వ్యాధి యెందరికి సోకినది, ఎందరు మరణించిరి అను లెక్కను గూర్చినది రెండవది. పైకి మొదటి తగవే వినవచ్చును గాని, దాని వేళ్ళు రెండవదానియందే యుండును. ఏలయన, లెక్క తమ పక్షముననే యున్నదని ఉభయులును చెప్పుదురు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతములను, వాని చుట్టునున్న తెలంగాణమును ఆధారముగా గొని, గడచిన నూరేండ్లలో ఈ తగవు నడచిన తీరును ఇచట పరిశీలింపదలచితిమి.

కట్టడి మనకు క్రొత్త గాదు. గత్తర తగిలినదన్న ఊరు విడిచి చేలలో గుడిసెలు వేసికొనుట, పొరుగూరివారిని పొలిమేర దాటనీయకుండుట పూర్వుల యాచారము. 2020 మార్చిలో తెలంగాణ పల్లెలు పెక్కు తమంత తామే బాటలకడ్డముగా ముండ్లకంపలు వేసికొన్నవి. అట్టి కట్టడులకు అంకెలతో పనిలేదు; వాడలో రెండు పాడెలు లేచిన చాలును, ఒక్కొకపుడు పుకారే చాలును. ప్రభుత్వము కట్టడి చేయ బూనినపుడు మాత్రము సంగతి వేరు. వేలమందిచేత కూలి మాన్పించువాడు కారణము చూపవలెను. చూపదగిన కారణములలో మొదటిది అంకెయే.

మొదట 1918 నాటి ఇన్‌ఫ్లూయెంజాను చూతము. అపుడు ఈ రెండు జిల్లాలును నిజాము రాజ్యములోనివి. 1911 జనాభా లెక్కలలో ఆ రాజ్యపు జనసంఖ్య 1,33,74,676. 1921 లెక్కలలో 1,24,71,770. పదియేండ్లలో తొమ్మిది లక్షలు తగ్గెను. ఇది చూచి, ఇన్‌ఫ్లూయెంజావలన తొమ్మిది లక్షలమంది చనిపోయిరనుట సులభము. కాని అది సరిగాదు. ఆ దశాబ్దిలోనే ప్లేగు వచ్చెను, కరవు వచ్చెను. బ్రతుకుతెరువు వెదకికొనుచు ఊళ్ళు విడిచినవారును గలరు. మరియొకవైపు, ఆ యాపదలు లేకున్నచో జనసంఖ్య పెరిగియుండెడిది. కావున నిజమైన నష్టము తొమ్మిది లక్షలకంటె నెక్కువయనియు వాదింపవచ్చును. అంకె యొక్కటే, అర్థములు రెండు.

యావద్భారతమునకు వేసిన యంచనాల సంగతియు నిట్టిదే. 1919లో వెలువడిన ప్రభుత్వపు తొలి యంచనా 60 లక్షల మరణములు. 1921 జనాభా లెక్కల నడపిన మార్టెన్ దానిని 1 కోటి 20 లక్షలకు పైగా నిర్ణయించెను. 1951లో కింగ్స్‌లీ డేవిస్ అను పండితుడు 2 కోట్ల వరకు నుండునని వ్రాసెను. 2012లో మరికొందరు పరిశోధకులు తాము పరిశీలించిన జిల్లాలలో గరిష్ఠముగా 1 కోటి 40 లక్షలకు దగ్గరగా తేల్చిరి. ఇంత వ్యత్యాసమునకు ముఖ్యకారణ మొక్కటే. పల్లెలలో చావుపుట్టువుల లెక్క వ్రాయువారే మంచమెక్కిన చోట్ల ఆ లెక్క నిలిచిపోయెను. వ్రాయని చావును పిమ్మట గణితముతో ఊహింపవలసినదే గాని, తిరిగి చూడలేము.

ఇక మన కాలమునకు వత్తము. తెలంగాణములో తొలి కోవిడ్ రోగి 2020 మార్చి 2న గుర్తింపబడెను. ఆ నెల 22 తరువాత రాష్ట్రమంతట లాక్‌డౌన్ అను కట్టడి యమలులోనికి వచ్చెను. ఏప్రిల్ 6న నాటి ముఖ్యమంత్రి శ్రీ కె. చంద్రశేఖరరావు బోస్టన్ కన్సల్టింగ్ గ్రూపువారి యంచనాను ప్రస్తావించి, జూన్ 3 వరకు కట్టడి యవసరమని ఆ యధ్యయనము చెప్పుచున్నదనిరి. మరుసటియేడు రెండవ యుప్పెన వచ్చినపుడు, 2021 మే 6న వారే, కట్టడి విధించిన రాష్ట్రములందును కేసులు తగ్గలేదు గనుక లాక్‌డౌన్ వలదనిరి. అయిదు దినములకే, మే 11న, మంత్రివర్గము లాక్‌డౌన్ నిర్ణయించెను. పరిస్థితులు మారినపుడు నిర్ణయము మారుట తప్పు గాదు. కాని రెండు వైపులకును అంకె సాక్ష్యము పలికినదను మాట గమనింపదగినది. ప్రతిపక్షములు, పత్రికలు, న్యాయవాదులు గూడ ఇట్లే తమతమ వాదములకు తగిన అంకెల నేరుకొనిరి.

అంకె యేరీతిగా రెండు పక్షముల కొదుగునో తెలియుటకు నల్లగొండయే మంచి యుదాహరణము. 2020లో భారత వైద్య పరిశోధన మండలి దేశములోని 70 జిల్లాలలో రక్తపరీక్షలు జరిపి, ఎందరికి వ్యాధి తెలియకుండనే సోకిపోయినదో కనుగొన బూనెను. తెలంగాణములో నల్లగొండ, జనగామ, కామారెడ్డి జిల్లాలు ఎన్నికయైనవి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు జిల్లాకు నాలుగు వందలమందికి పైగా పరీక్షించిరి. మే నెలలో ఈ మూడు జిల్లాలలో గలిపి వ్యాధి సోకిన గుర్తు గలవారు నూటికి 0.33 మాత్రమే. ఆగస్టునకు అది 12.2 అయ్యెను; నల్లగొండలో 11.1.

నల్లగొండ జిల్లా జనాభా 2011 లెక్కల ప్రకారము 16 లక్షలు. పరీక్ష పదియేండ్లు నిండినవారికే గనుక పసివారిని విడిచి లెక్కించినను, లక్షమందికి పైగా వ్యాధి సోకియుండవలెను. అదే సమయమున తెలంగాణ రాష్ట్రమంతటను గుర్తింపబడిన రోగులు సుమారు 1 లక్షా 20 వేలు. ఒక్క జిల్లాలోని యంచనా, రాష్ట్రమంతటి నమోదునకు సాటి వచ్చుచున్నదన్నమాట.

ఇపుడు ఉభయుల వాదములను వినుడు. ఇందరికి సోకినను మరణములు స్వల్పమే. వ్యాధి యంత ఘోరము గాదు, కట్టడి ఎత్తివేయుడని యొకరు. నూటికి దాదాపు తొంబదిమందికి ఇంకను సోకనేలేదు. ఆపద ముందున్నది, కట్టడి బిగింపుడని మరియొకరు. ఇద్దరును 11.1 అను నంకెనే పట్టుకొనిరి. ఇద్దరి గణితమును సరియైనదే. పదినెలల పిమ్మట, 2021 జూనులో, అవే మూడు జిల్లాలలో అట్టివారు నూటికి 60.1. ఆపద ముందున్నదన్న మాట నిజమయ్యెను.

మరణములు స్వల్పమన్న మాటను గూడ తరచి చూడవలెను. 2020 ఆగస్టు చివర తెలంగాణములో గుర్తింపబడిన రోగులలో మరణించినవారు నూటికి ఒకరికంటె తక్కువ. దేశపు సగటు 1.8. ఇది ఘనతగా చెప్పబడెను. కాని చనిపోయినవారిని పరీక్షింపకున్నచో ఆ చావులు లెక్కలోనికి రావు. ఆసుపత్రులలో మరణించినవారికి పరీక్షలు చేయవలెనని రాష్ట్ర హైకోర్టు 2020 మేలో ఆజ్ఞాపించెను. పిదప సుప్రీంకోర్టు ఆ యాజ్ఞను నిలుపుదల చేసెను.

ఈ ప్రశ్న వట్టి పండిత చర్చ గాదని 2021లో తేలెను. కోవిడ్ మృతుల కుటుంబములకు 50 వేల రూపాయల సహాయ మీయవలెనని నిర్ణయమైనది. అప్పటికి తెలంగాణములో ప్రభుత్వ లెక్క ప్రకారము మృతులు నాలుగు వేల లోపు. సహాయము కోరి వచ్చిన యర్జీలు ఇరువదియైదు వేలకు పైగా. ఇందుకొక కారణము నిర్వచనము: పరీక్షలో వ్యాధి తేలిన ముప్పది దినములలో మరణించినవారిని గూడ సహాయార్హులుగా నెంచిరి. అర్జీలన్నియు సరియైనవని మేము చెప్పము. కాని ఒక వితంతువు చేతికి ఆ సొమ్ము వచ్చుటయో, రాకుండుటయో, ఆమె భర్త చావును ఏ మాటతో వ్రాసిరో దానిపై నాధారపడెను.

లెక్కకు రానిది మరియొకటి గలదు. పాలమూరు కూలీలు చెరువులు, కాలువలు, ఆనకట్టలు కట్టుటలో పేరెన్నిక గన్నవారు; బొంబాయి, పూనాల వరకు పోయి పనిచేయుదురు. కట్టడి కాలమున పనిపోయి ఇల్లు చేరిన వలస కార్మికులలో వ్యాధి కనబడినపుడు ప్రభుత్వ ప్రకటనలలో వారిని వేరు వరుసలో చూపిరి. వ్యాధి వచ్చినందుకు వారొక యంకెయైరి. కాని వారు కోల్పోయిన కూలి ఏ ప్రకటనలోను దినదినము కనబడలేదు. త్రోవలో మరణించిన వలస కార్మికుల వివరములు తమవద్ద లేవని కేంద్ర ప్రభుత్వము 2020 సెప్టెంబరులో లోక్‌సభకు తెలిపెను. రోగుల సంఖ్య ప్రతిసాయంకాలము వినబడి, ఆకలిగొన్నవారి సంఖ్య వినబడకున్నచో, వాదము ఆరంభముననే ఒక వైపునకు ఒరిగియుండును. కట్టడి వలన నిలిచిన ప్రాణములను చూపలేకుండుట రెండవ పక్షమువారి చిక్కు. జరుగని చావుకు పద్దు లేదు.

అట్లని అంకెలన్నియు బొంకులని త్రోసివేయుట మరింత ప్రమాదము. గుడ్డికంటె మెల్ల మేలు. 2020లో దేశమున నమోదైన సమస్త మరణములు 81 లక్షలు. 2021లో 1 కోటి 2 లక్షలు. ఆ 2021లో కోవిడ్ మరణములని ప్రకటింపబడినవి 3 లక్షల 32 వేలు. పెరిగిన యిరువదియొక్క లక్షలన్నియు కోవిడ్ వలననే యనరాదు. నమోదు మెరుగుపడుటయు నందు గలదు. అయినను ఈ ప్రశ్న నడుగగలిగితిమన్న, ఎక్కడనో గ్రామ పంచాయతీలో ఒక యుద్యోగి ఒక చావును పుస్తకమున కెక్కించినందువలననే.

కావున, తిరిగి ఇట్టి కాలము వచ్చినపుడు, రేడియోలోనో పత్రికలోనో ఒక యంకె వినబడినంతనే మన పక్షమునకు వచ్చినదని సంతోషింపక, ఎవరు లెక్కించిరి, ఎందరిని పరీక్షించిరి, ఎవరిని విడిచిరి అని అడుగుదము. తక్కిన దినములలో మనవలన కాదగిన పని మరియొకటి గలదు. ఇంట చావు జరిగినపుడు దుఃఖములో మరువక, ఇరువదియొక్క దినములలోగా పంచాయతీలోనో పురపాలక సంఘములోనో కారణముతోగూడ నమోదు చేయింపవలెను. రేపటి వాదములకు నిజమైన పునాది అదియే.