టీములో మన గల్లీ పిలగాడు ఎవరు?

హైదరాబాద్‌లో ఆట మీద ఏ బహస్ షురూ అయినా చివరికి ఒక్క సవాల్ దగ్గర ఆగుతుంది: ‘టీములో మనోడు ఉన్నాడా?’ ధూల్‌పేట్‌లో పతంగుల దుకాణం ముందు నిలబడ్డా, పురానాపూల్ దగ్గర చాయ్ హోటల్లో కూర్చున్నా ఇదే మాట. హాకీ ఇండియా లీగ్ మళ్ళీ మొదలైనప్పుడు ‘హైదరాబాద్ తూఫాన్స్’ అని ఒక టీము పుట్టింది. 24 మంది ఖిలాడీల్లో నలుగురు జూనియర్లు ఉండి తీరాలని అప్పటి లీగ్ కాయిదా. 2025 ఫిబ్రవరి 1న తూఫాన్స్ ఫైనల్ దాకా పోయి బెంగాల్ టైగర్స్ చేతిలో 4-3తో ఓడింది. ఆ ఫైనల్ జరిగింది రూర్కెలాలో. పేరు హైదరాబాద్‌దే గానీ, ఆ సీజన్‌లో హైదరాబాద్ గడ్డ మీద ఒక్క ఆట కూడా ఆడలేదు. జూనియర్లలో ఎవరికి మౌకా ఇయ్యాలి, ఎవరిని పక్కన కూర్చోబెట్టాలి అని మన పోరగాళ్ళు వాదించుకోవాలంటే ముందు ఆ పిల్లల పేర్లు ఫోన్లో వెతుక్కోవాలి.

ఒక జమానాలో అట్లా ఉండేది కాదు. పేర్లు వెతుక్కునే జరూరత్ లేదు, ఎందుకంటే ఆ పిల్లలు ఇక్కడి మొహల్లాల వాళ్ళే. ఏ మైదాన్‌లో ఆడి పెరిగారో, బాప్ ఎక్కడ నౌకరీ చేస్తాడో, ఎవరి ఎడమ కాలు కచ్చాగా ఉందో చూసేవాళ్ళకు మాలూమ్. ఆ జమానా హాకీది కాదు, ఫుట్‌బాల్‌ది. ఎవరిని తీసుకున్నారు, ఎవరిని వదిలేశారు అనే బహస్‌లన్నిటికీ జవాబ్ చెప్పాల్సిన మనిషి ఒక్కరే ఉండేవారు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం.

ఉస్తాద్ అంటే ముందు బడి పంతులు

రహీం సాబ్ 1909లో ఈ షహర్‌లోనే పుట్టారు. ఆయన అసలు పేషా టీచరీ. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూల్‌లలో పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి బడిపిల్లల ఆటల బాధ్యత తీసుకున్నారు. ఉర్దూ మీడియంలో చదివిన నాబోటి వాడికి ఈ స్కూళ్ళ పేర్లు వింటేనే దిల్ నిండిపోతుంది. అయితే ఈ సంగతి చెప్పింది ఫఖర్ కోసం కాదు. టీములో ఎవరుండాలనే ఫైసలా రహీం సాబ్ పెద్ద టోర్నమెంట్ ముందు రోజు రాత్రి కూర్చుని చేసేది కాదు. అది పదేళ్ళ ముందే, బడి మైదాన్‌లో షురూ అయ్యేది. అది గుర్తుపెట్టుకోండి.

చిన్నపిల్లల కోసం ఆయన అజీబ్ పోటీలు పెట్టేవారు. ఒక టోర్నమెంట్‌లో డ్రిబ్లింగ్ చేయకూడదు. బంతి కాలికి తగిలిన వెంటనే దోస్తుకు ఇచ్చెయ్యాలి. ఇంకోదాంట్లో కచ్చా కాలితోనే ఆడాలి, అంటే కుడి కాలి వాడు ఎడమ కాలితోనే తన్నాలి. చూసేవాళ్ళకు తమాషా, పిల్లలకు తాలీమ్. ఏ పిలగాడు బంతిని వదలకుండా షోకు చేస్తాడు, ఎవడు చుట్టూ చూసి ఆడతాడు అనేది అక్కడే తేలిపోయేది. చూసే జనానికీ ఒక కొలబద్ద దొరికేది. ‘వాడు బాగా ఆడతాడు’ అని ఊరికే అనేస్తే చాలదు, ఎట్లా ఆడతాడో చెప్పగలగాలి. హైదరాబాద్ జనానికి ఆట మీద అంత పట్టు ఊరికే రాలేదు.

రెండేళ్ళకే రోవర్స్

రహీం సాబ్ తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీము 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. ఢిల్లీలో డ్యూరాండ్ కప్ 1950లో, 1954లో, 1957లో, ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో 1961లో తెచ్చింది. 1950లో డ్యూరాండ్ ఫైనల్లో ఓడింది మోహన్ బగాన్.

ఆ సన్ 1950ని ఒకసారి తిరిగి చూడండి. పోలీస్ యాక్షన్ జరిగింది 1948 సెప్టెంబర్‌లో. అప్పటికి రెండేళ్ళే. నౌకరీలు పోయినవాళ్ళు, ఇళ్ళు వదిలి షహర్‌లోకి వచ్చిపడ్డవాళ్ళు, సరిహద్దు దాటిపోయిన రిష్తేదారుల కబురు కోసం ఎదురుచూసేవాళ్ళు, ఇట్లా ఎన్నో ఘరానాలు గమ్‌లో మునిగి ఉన్న వఖ్త్. అలాంటప్పుడు హైదరాబాద్ అనే పేరు దేశం అఖ్బార్లలో ఒక మంచి ఖబర్‌గా అచ్చయింది. ఆ టీములో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ లాంటి ఖిలాడీలు ఉన్నారు. వాళ్ళు పోలీసు నౌకర్లు కూడా. ఆడితే తనఖ్వా, ఆట ముగిశాక కూడా తనఖ్వా. ఈ నౌకరీ అనేది చిన్న విషయం కాదు. ఇంట్లో రొట్టె ఎట్లా వస్తుందో తెలియని గరీబ్ బాప్, కొడుకును మైదాన్‌కు ఏ ధైర్యంతో పంపుతాడు? సిటీ పోలీస్ టీము ఆ ధైర్యం ఇచ్చింది.

బడి, మైదాన్, ఉస్తాద్, నౌకరీ. ఈ నాలుగు కడియాలు కలిస్తేనే గొలుసు. గొలుసు ఉన్నప్పుడే జవాన్ పిల్లల్లో ఎవరిని ఎంచుకోవాలనే బహస్‌కు మతలబ్ ఉంటుంది.

అమ్ముగూడ నుంచి సైకిల్ మీద

తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ పిలగాడు, గరీబ్ తమిళ కుటుంబం. లోకల్ ఆటల్లో రహీం సాబ్ నజర్‌లో పడ్డాడు. తర్బియత్‌కు రమ్మంటే, అంత దూరం రోజూ రావడానికి పైసలు లేవన్నాడు. సైకిల్ కిరాయి రహీం సాబే తన జేబులోంచి ఇచ్చారని బలరాం పెద్దయ్యాక కూడా చెప్పుకునేవాడు. 1956-57లో, మళ్ళీ 1957-58లో హైదరాబాద్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఇరవై ఏళ్ళ వయసులో బలరాం 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు పోయాడు. ఇండియా అక్కడ సెమీఫైనల్ ఆడి నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఈ దేశానికి ఇప్పటికీ అదే అందరికంటే పెద్ద మర్తబా.

మెల్బోర్న్ టీములో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరాం, సికింద్రాబాద్ మార్నింగ్ స్టార్ క్లబ్‌లో పెరిగిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఉన్నారు. ఇందరు హైదరాబాదీలు ఉంటే కలకత్తా ఊరుకుంటుందా? మీ వాళ్ళు ఎక్కువ, మా వాళ్ళు తక్కువ అనే పంచాయితీ ఆ రెండు షహర్‌ల నడుమ ఎప్పుడూ ఉన్నదే. తన ఊరి పిల్లల మీద ప్రేమతో తీసుకున్నారా, హునర్ చూసి తీసుకున్నారా అనే షక్ కోచ్ మీద పడక తప్పదు. దానికి రహీం సాబ్ తఖ్రీర్‌తో జవాబ్ చెప్పలేదు.

కొడుకు బెంచీ మీద

1960 రోమ్ ఒలింపిక్స్ టీములో సయ్యద్ షాహిద్ హకీం పేరుంది. హకీం రహీం సాబ్ సొంత కొడుకు, అప్పటికి ఇరవై ఒకటో ఏట ఉన్నాడు. ఇండియా అక్కడ మూడు ఆటలు ఆడింది. హంగరీ చేతిలో 2-1తో ఓడింది, ఫ్రాన్స్‌తో 1-1 బరాబర్, పెరూ చేతిలో 3-1తో ఓటమి. ఈ మూడింటిలో హకీంను ఒక్కసారి కూడా మైదాన్‌లోకి దించలేదు. హంగరీ మీద, పెరూ మీద గోల్ కొట్టింది ఎవరంటే సైకిల్ కిరాయి తీసుకుని వచ్చిన అమ్ముగూడ బలరాం.

హకీం తర్వాత ఎయిర్‌ఫోర్స్‌లో అఫ్సర్ అయ్యాడు, ఫిఫా రెఫరీ అయ్యాడు, 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నాడు. 2021లో ఇంతెఖాల్ అయ్యేదాకా ఆయన పేరు ముందు ‘ఒలింపియన్’ అనే మాట ఉండేది. ఒక్క నిమిషం కూడా ఆడని ఒలింపియన్. ఇది ఇన్సాఫా, కొడుకుకు జరిగిన నాఇన్సాఫీయా అని ఇప్పటికీ వాదించవచ్చు. నా మట్టుకు నాకు రెండూ నిజమే అనిపిస్తుంది. సిఫారస్ అనే మాట నోట్లోంచి రాకుండా చేయడానికి ఒక బాప్ తన బిడ్డ వాటాను ఖర్చు పెట్టాడు. దాని కీమత్ కట్టింది బాప్ కాదు, బేటా.

జకార్తా

1962 ఏషియన్ గేమ్స్ నాటికి రహీం సాబ్ ఒంట్లో కేన్సర్ ఉంది. థాయ్‌లాండ్‌తో ఆటలో స్టాపర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. డిఫెన్స్‌లో ఉంటే వచ్చిన ప్రతి బంతినీ తలతో కొట్టాలి. కుట్లు పడ్డ తలతో అది కుదరదు. మామూలు కోచ్ అయితే అతన్ని పక్కన పెడతాడు. రహీం సాబ్ సెమీఫైనల్లో అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపి, ఖాళీ అయిన స్టాపర్ జాగాను అరుణ్ ఘోష్‌కు అప్పగించారు. అరుణ్ ఘోష్‌కు అప్పటికి ఇరవై ఒక్కేళ్ళు. సౌత్ వియత్నాం మీద ఇండియా 3-2తో గెలిచింది.

ఫైనల్ సెప్టెంబర్ 4న, దక్షిణ కొరియాతో. సెమీఫైనల్లో గోల్ దగ్గర నిలబడింది ప్రద్యుత్ బర్మన్. గెలిచిన టీమును కదిలించొద్దని ఆటలో పాత మాట. రహీం సాబ్ మాత్రం ఫ్లూతో ఉన్న తంగరాజ్‌ను దించారు. కొరియా వాళ్ళు గాల్లో పంపే బంతులకు తంగరాజ్ ఎత్తు అడ్డం పడుతుందని ఆయన అందాజా. స్టేడియం అంతా ఇండియాకు ఖిలాఫ్‌గా అరుస్తుంటే పీకే బెనర్జీ ఒక గోల్, జర్నైల్ సింగ్ ఒక గోల్ కొట్టారు. 2-1, సోనే కా తమ్గా. ఏషియన్ గేమ్స్‌లో ఇండియా ఫుట్‌బాల్‌కు 1951 తర్వాత రెండోది, ఇప్పటిదాకా ఆఖరుది. ఆ టీములో బలరాం, యూసుఫ్ ఖాన్, తంగరాజ్ హైదరాబాద్ తాలీమ్ నుంచి వచ్చినవాళ్ళే. ఏడాది తిరగకముందే, 1963 జూన్ 11న రహీం సాబ్ ఇంతెఖాల్ అయ్యారు.

ఈ ఫైసలాల వెనక ఉన్నది జాదూ కాదు. తంగరాజ్ బుఖార్‌లో కూడా ఏం చేయగలడో, జర్నైల్ జిద్దు ఎంతటిదో, అరుణ్ ఘోష్ భుజం ఎంత బరువు మోస్తుందో ఆయనకు ముద్దత్‌గా తెలుసు. పిలగాడిని తెలిసినవాడే పిలగాడి మీద భరోసా పెట్టగలడు.

గొలుసు తెగిన చోట

ఆ తర్వాత కూడా ఇక్కడ హునర్‌కు కమీ రాలేదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1966లో మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ ఈస్ట్ బెంగాల్‌కు పోయారు. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో కంచు పతకం తెచ్చిన టీముకు కెప్టెన్ నయీముద్దీన్. 1977లో పెలే వచ్చిన కాస్మోస్ టీము మీద మోహన్ బగాన్ తరఫున హబీబ్ గోల్ కొట్టాడు. వీళ్ళంతా మనోళ్ళే, కానీ ‘ఈసారి ఎవరిని దించాలి’ అనే బహస్ మాత్రం కలకత్తా చాయ్ దుకాణాలకు మారిపోయింది. మనకు మిగిలింది మర్నాడు అఖ్బార్ చదవడం.

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చినప్పుడు మళ్ళీ ఉమ్మీద్ పుట్టింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ గెలిచింది. రెండేళ్ళు తిరగకుండానే జీతాల తకరార్, ఫిఫా నిషేధాలు. 2023-24 సీజన్ నడుమ పెద్ద ఖిలాడీలు వెళ్ళిపోతే పసి కుర్రాళ్ళను బరిలోకి తోశారు. సీజన్ మొత్తానికి ఒకే ఒక్క గెలుపు. రహీం సాబ్ కూడా కుర్రాళ్ళను దించారు, వీళ్ళూ దించారు. ఆయన తయారుచేసి దించారు, వీళ్ళు వేరే ఎవరూ మిగలక దించారు. 2025లో ఆ క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది.

ఇక మన ధూల్‌పేట్ సంగతి. ఇక్కడి నుంచి ఫతేమైదాన్, అంటే ఇప్పటి లాల్ బహదూర్ స్టేడియం, మూడు నాలుగు కిలోమీటర్లు. నడిచి పోవచ్చు. హైదరాబాద్ ఎఫ్‌సీ ఆడిన గచ్చిబౌలి పదిహేను కిలోమీటర్ల పైమాట. ఆటో కిరాయే పిలగాడి ఉత్సాహాన్ని మింగేస్తుంది. పక్కనే ఉన్న గోషామహల్ పోలీస్ మైదాన్‌లో 2025 జనవరి 31న కొత్త ఉస్మానియా ఆసుపత్రికి పునాది రాయి వేశారు. గరీబులకు ఉస్మానియా కావాలి, అందులో రెండో మాట లేదు. పాత బిల్డింగ్‌లో మరీజ్‌ల హాలత్ అందరం చూసిందే. కానీ మైదాన్ వద్దు అని కూడా ఎవరూ అనలేదు కదా? బస్తీవాళ్ళు చేసిన ఎహ్తెజాజ్‌లో ఉన్న సవాల్ అదే.

ధూల్‌పేట్ పేరు అఖ్బార్లలో గణేశుడి బొమ్మలకు, పతంగులకు ఏడాదికి రెండుసార్లు వస్తుంది. మిగతా రోజుల్లో గుడుంబా, గంజాయి ఖబర్లే. ఇక్కడి లోధ్ పిల్లలకూ, పక్క గల్లీ ముసల్మాన్ పిల్లలకూ సాయంత్రం నాలుగు గంటలకు కలిసి పోగలిగే జాగా ఏది? సిటీ పోలీస్ టీము ఖౌమ్ చూసి కాక కాలు చూసి పిల్లలను కలిపింది. ఒకప్పుడు ఆ పోలీస్ శాఖదే ఈ మైదాన్ కూడా.

ఆసుపత్రి కట్టండి. దానికి బదలు ధూల్‌పేట్ పిలగాడు నడిచి పోగలిగే దూరంలో ఒక మైదాన్, ఒక ఉస్తాద్‌కు తనఖ్వా, ఆడే పిల్లలకు పోలీస్‌లో, రైల్వేలో కొన్ని నౌకరీలు చూపించండి. తూఫాన్స్ టీములో నలుగురు జూనియర్లు ఎవరన్నది అప్పుడు వాదించుకుందాం. అప్పుడు వాళ్ళ పేర్లు ఫోన్లో వెతకాల్సిన పని ఉండదు.