అండమాను తీరములు – తెలుగువారి స్మృతులు

డాలీగంజ్, 2024లో శ్రీ విజయపురముగా పేరు మార్చబడిన పోర్ట్ బ్లెయిర్ నగరములోని ఒక పేట. ఉద్యోగరీత్యా ఈ నగరమునకు వచ్చిన తెలుగు కుటుంబములకు కార్బిన్స్ కోవ్ ప్రియమైన విహారస్థలము. కొబ్బరిచెట్ల నీడను, నెలవంకవలె వంగిన ఇసుకతీరమును చూచినవారికి, ‘కాలాపానీ’ యను పేరుతో ఒకనాడు దేశమును వణికించిన సముద్రము ఇదియేనని తోచదు. కాని ఆ దారి ప్రక్కనే, 1942–45 మధ్య ఈ దీవుల నాక్రమించిన జపాను సైనికులు కట్టిన బంకర్లు నేటికిని కనిపించును.

1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ చాతం దీవిలో నెలకొల్పిన వలస, వ్యాధుల వలన 1796లో ఎత్తివేయబడెను. 1857 తిరుగుబాటు అణచబడిన పిమ్మట, 1858 మార్చి 10న వాకర్ అను అధికారి 200 మంది ఖైదీలతో ఇచ్చట దిగెను. వారిచేతనే అడవులు నరికించి, రాస్ దీవిని పాలనాకేంద్రముగ తీర్చిరి. 2018 నుండి నేతాజీ పేరు వహించిన ఆ దీవిలో నేడు చర్చి శిథిలములను మఱ్ఱి ఊడలు చుట్టుకొనియున్నవి. దొరలు తిరిగిన బాటలలో జింకలు తిరుగుచున్నవి. సమీపముననున్న వైపర్ దీవిలో ఉరికంబము చూడవచ్చును.

ఈ చరిత్రలో తెలుగువారి పాలు తక్కువ కాదు. 1879లో రేగిన రంప తిరుగుబాటులో శిక్షపడిన గిరిజనులు పలువురు ఈ దీవులకు పంపబడిరి. అప్పటికి సెల్యులార్ జైలు లేదు. నాలుగు దిక్కుల సముద్రమే వారికి గోడ. కొండలు, వాగులు తప్ప ఎరుగని మన్యపువారికి ఆ నీలివిస్తారము ఎట్లు కనిపించెనో ఊహింపవలసినదే.

1896లో ఆరంభించి 1906లో ముగించిన సెల్యులార్ జైలునకు ఏడు విభాగములుండెను, మూడు మిగిలినవి. ఒక విభాగపు ఖైదీకి ఎదుటి విభాగపు వెనుకగోడ తప్ప మనిషి ముఖము కానరాకుండునట్లు దానిని కట్టిరి. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమాను శిక్ష ననుభవించి, 1952 ఎన్నికలలో లోక్‌సభ సభ్యుడయ్యెను. 1933 నాటి కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారియు ఇచ్చటికి పంపబడెను. ఖైదీల నిరాహారదీక్షల ఫలితముగ 1937–38లో రాజకీయ ఖైదీలను స్వదేశమునకు మరలించిరి. 1979 ఫిబ్రవరి 11న ఈ జైలు జాతీయ స్మారకమయ్యెను.

మల్లుదొర పేరు నిలిచినది. రంప ఖైదీలలో పెక్కుమంది పేర్లు వారి సంతతికైనను దక్కలేదు. నేటి తెలుగు ఉద్యోగి బదిలీ ఉత్తర్వుతో వచ్చి, సెలవు దొరికిన వెంటనే స్వగ్రామము చేరగలడు. అతనికన్న ముందు ఇదే రేవున దిగిన తెలుగువానికి తిరుగు ప్రయాణము లేదు. పిల్లలను సముద్రతీరమునకు తీసికొనిపోవు తల్లిదండ్రులు ఒక పూట ఆ జైలునకును తీసికొనిపోయి ఈ కథ చెప్పుట ఉచితము. పేరు దక్కనివారికి ఆ మాత్రపు స్మరణయే తర్పణము.