తెలుగు టైటాన్స్ పునర్నిర్మాణం

ప్రో కబడ్డీ లీగ్‌లో తెలుగు రాష్ట్రాలకు ప్రాతినిధ్యం వహిస్తున్న తెలుగు టైటాన్స్ 2021 నుంచి 2024 వరకు వరుసగా మూడు సీజన్లు పట్టికలో అట్టడుగున నిలిచింది. ఆ తర్వాత రెండేళ్లలోనే ప్లేఆఫ్స్ స్థాయికి ఎదిగింది. విశాఖపట్నం, హైదరాబాద్ ఈ జట్టుకు సొంత వేదికలు. లీగ్‌లో వేరే జట్టు లేని వరంగల్, విజయవాడ వంటి నగరాల అభిమానులకూ ఇదే సొంత జట్టు.

నేపథ్యం

2014లో లీగ్ మొదలైనప్పటి నుంచి టైటాన్స్ బరిలో ఉంది. రాహుల్ చౌదరి ప్రధాన రైడర్‌గా 2015లో మూడో స్థానం, 2016లో జరిగిన నాలుగో సీజన్‌లో నాలుగో స్థానం సాధించింది. తర్వాతి కాలంలో ఆ నిలకడ కరువైంది.

పతనం

ఎనిమిదో సీజన్‌లో 22 మ్యాచ్‌లకు గాను ఒక్కటే గెలిచింది. తొమ్మిది, పది సీజన్లలో రెండేసి విజయాలే దక్కాయి. ఈ మూడు సీజన్లకు ముగ్గురు కోచ్‌లు పనిచేశారు.

పదో సీజన్ వేలంలో పవన్ సెహ్రావత్‌ను రూ.2.605 కోట్లకు, అప్పటి లీగ్ రికార్డు ధరకు దక్కించుకుంది. ఒక్కో జట్టు ఖర్చు పెట్టగలిగేది రూ.5 కోట్లే. అందులో సగానికి పైగా ఒక్కరికే పోయింది. పవన్ రైడింగ్‌లో 200కు పైగా పాయింట్లు తెచ్చినా జట్టు 19 మ్యాచ్‌లు ఓడింది.

దీనికి కారణం ఆట నియమాల్లోనే ఉంది. కూతకు వెళ్లి దొరికిపోయిన రైడర్ బయట కూర్చోవాలి. సహచరులు ప్రత్యర్థిని ఔట్ చేసి పాయింటు తెస్తేనే ఔటైన వారిలో ఒకరు మైదానంలోకి తిరిగి వస్తారు. బోనస్ పాయింటుతో ఎవరూ తిరిగి రారు. డిఫెన్స్ పట్టు సడలిన జట్టులో ఎంతటి రైడరైనా కీలక సమయంలో బెంచీకే పరిమితమవుతాడు.

పునర్నిర్మాణం

2024లో పదకొండో సీజన్‌కు కృషన్ కుమార్ హుడా కోచ్‌గా వచ్చారు. ఎనిమిదో సీజన్‌లో దబంగ్ ఢిల్లీని విజేతగా నిలిపింది ఆయనే. ఆ ఫైనల్‌లో 14 పాయింట్లతో ఢిల్లీని గెలిపించిన ఆల్‌రౌండర్ విజయ్ మలిక్ కూడా టైటాన్స్‌కు వచ్చాడు. సీజన్ మధ్యలో పవన్ గాయపడటంతో మలిక్ జట్టు పగ్గాలు అందుకున్నాడు. టైటాన్స్ 12 విజయాలతో ఏడో స్థానం సాధించి, కొద్దిలో ప్లేఆఫ్స్ చేజార్చుకుంది.

2025 వేలంలో జట్టు మరో అడుగు వేసింది. పవన్ తమిళ్ తలైవాస్‌కు వెళ్లాడు. మలిక్‌ను రూ.51.5 లక్షలకు తిరిగి తీసుకుని, భరత్ హుడాను రూ.81 లక్షలకు కొన్నది. ఇద్దరికీ కలిపి అయిన ఖర్చు ఒకప్పుడు పవన్ ఒక్కడికి పెట్టిన దానిలో సుమారు సగం. డిఫెన్స్‌లో అంకిత్ (కార్నర్), అజిత్ పవార్ (కవర్) కొనసాగారు. కోచ్ కూడా మారలేదు.

ఫలితం

పన్నెండో సీజన్ 2025 ఆగస్టు 29న విశాఖపట్నంలో మొదలైంది. మలిక్ సారథ్యంలో టైటాన్స్ ప్లేఆఫ్స్‌కు చేరి, క్వాలిఫయర్-2 దాకా వెళ్లింది. అక్కడ పుణేరి పల్టన్ చేతిలో ఓడింది.

ఇతర లీగ్‌లతో పోలిక

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో అట్టడుగు జట్లకు డ్రాఫ్ట్‌లో మేటి కుర్రాళ్లు ముందుగా దక్కే అవకాశం ఎక్కువ. ఫిలడెల్ఫియా 76ఎర్స్ ఆ దారి నమ్ముకుని 2015-16లో 82 మ్యాచ్‌లకు 72 ఓడింది. ఆ క్రమంలో 2014లో జోయెల్ ఎంబీడ్‌ను, 2016లో బెన్ సిమన్స్‌ను ఎంచుకుంది. కబడ్డీ లీగ్‌లో ఓటమికి అలాంటి ప్రతిఫలం లేదు. అట్టడుగు జట్టయినా విజేతయినా వేలంలో పరిమితి ఒక్కటే. అందుకే డబ్బును బరిలో దిగే ఏడుగురికీ సరిపడా పంచడం, కుదిరిన జట్టును విడగొట్టకపోవడం ఇక్కడ పునర్నిర్మాణానికి ప్రధాన మార్గాలు.

మిగిలిన పని

టైటాన్స్‌కు ఇంకా టైటిల్ దక్కలేదు. ఈ మార్పుకు మూలస్తంభాలైన ఆటగాళ్లలో ఎక్కువ మంది హరియాణా, మహారాష్ట్రల వారే. యువ ఆటగాళ్లను వేలంతో పని లేకుండా తీసుకుని తీర్చిదిద్దే వెసులుబాటు లీగ్‌లో ఉంది. వరంగల్ వంటి జిల్లాల కుర్రాళ్లకు ఆ దారి తెరిస్తే, జట్టుకు పేరుతో పాటు వేళ్లూ తెలుగు నేలలోనే ఉంటాయి.