హిమాలయాల వేడినీటి బుగ్గలు

హిమాలయ శ్రేణుల పొడవునా, లద్దాఖ్ నుంచి సిక్కిం దాకా, నేల లోతుల్లో కాగి రాతి పగుళ్ల గుండా పైకి ఉబికే సహజమైన ఊటలే వేడినీటి బుగ్గలు. ఉష్ణగుండాలు అని కూడా అంటారు. ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్ యాత్రా స్థలాల్లో వీటి పేరు తప్తకుండ్. నేపాలీ మాట్లాడే చోట తాతోపానీ. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దేశం మొత్తం మీద మూడు వందలకు పైగా వేడినీటి బుగ్గలను నమోదు చేసింది. వాటిలో కొన్ని మైదానాల్లోనూ, తీరప్రాంతంలోనూ ఉన్నాయి. మెడదాకా వేడినీటిలో ఉండి ఎదురుగా మంచుకొండను చూడగలిగేది మాత్రం హిమాలయాల్లోనే. చూస్తున్న కొండను పైకి లేపిందీ, ఒంటికి తగులుతున్న నీటిని కాచిందీ ఒకే కారణం. ఈ సంబంధం తెలిసి వెళితే ఆ ప్రయాణానికి విలువ పెరుగుతుంది.

నీరు ఎలా కాగుతుంది

వేడినీటి బుగ్గ ఉంటే దగ్గర్లో అగ్నిపర్వతం ఉండాలని చాలామంది అనుకుంటారు. జపాన్‌లోనూ ఐస్‌లాండ్‌లోనూ అది నిజమే. హిమాలయాల్లో మాత్రం రగిలే అగ్నిపర్వతం ఒక్కటీ లేదు. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట భారత భూఫలకం యురేషియా ఫలకాన్ని ఢీకొంది. ఆ తోపిడి నేటికీ ఆగలేదు. రాతి పొరలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి శిఖరాలు లేచాయి. పొరల మధ్య వందల కిలోమీటర్ల పొడవున పగుళ్లు పడ్డాయి. వాటిలో ముఖ్యమైనదాన్ని భూవిజ్ఞానులు మెయిన్ సెంట్రల్ థ్రస్ట్ అంటారు. ఉత్తరాఖండ్ బుగ్గల్లో చాలావరకు ఈ పగులు వెంటనో దాని చుట్టుపక్కలనో ఉన్నాయి.

పైన పడిన వాన, కరిగిన మంచు ఈ పగుళ్లలోకి ఇంకి కిలోమీటర్ల లోతుకు దిగుతాయి. భూమిలో కిలోమీటరు దిగితే సాధారణంగా 25 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ వేడి పెరుగుతుంది. హిమాలయాల్లో కొండ వేగంగా పైకి లేస్తూ ఉండడం, పై పొరలను నదులూ హిమానీనదాలూ అంతే వేగంగా కోసేస్తూ ఉండడం వల్ల లోతుల్లోని వేడి రాయి నేలకు దగ్గరవుతుంది. దాంతో ఇంకా తక్కువ లోతులోనే నీరు కాగుతుంది. కాగిన నీరు తేలికై దారి వెతుక్కుంటూ ఎక్కి, లోయలో అన్నిటికంటే పల్లమైన చోట బయటపడుతుంది. పల్లం అంటే నది. పార్వతి, బియాస్, సట్లెజ్, యమున, అలకనంద, సింధు: పేరున్న బుగ్గలన్నీ ఏదో ఒక నది ఒడ్డునో, దానికి కాస్త పైనో కనిపించడానికి కారణం ఇదే. కుండంలో కూర్చున్నవారు ఎప్పుడూ తలెత్తి కొండను చూడవలసి రావడానికీ అదే కారణం.

ఎత్తుకు వెళ్లేకొద్దీ నీరు తక్కువ వేడికే మరుగుతుందన్న విషయం ఇక్కడ గుర్తుంచుకోవాలి. సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున మరుగు స్థానం తగ్గుతుంది. యమునోత్రిలోని సూర్యకుండం 88 డిగ్రీలని విని ఇంకా మరగలేదనుకోకూడదు. 3,293 మీటర్ల ఎత్తున నీరు మరిగేదే దాదాపు ఆ వేడి దగ్గర. లద్దాఖ్‌లోని పూగా లోయ 4,400 మీటర్ల ఎత్తున ఉంది; అక్కడ 84 డిగ్రీల నీరు బుడగలు కక్కుతూ మరుగుతుంది.

పైకి వచ్చే దారిలో నీరు రాతిలోని ఖనిజాలను కరిగించుకుంటుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్న బుగ్గ దగ్గర కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. సున్నం ఎక్కువుంటే గట్ల మీద తెల్లటి రాతిపొర పేరుకుంటుంది. పూగాలో నేల మీదే బోరాక్స్, గంధకం తెట్టెలు కట్టి కనిపిస్తాయి. రాళ్ల మీద పచ్చగా, నారింజ రంగులో కనిపించే జారుడు పొరలు వేడిని తట్టుకునే సూక్ష్మజీవులవి. అది మురికి కాదు, గీకి తీసేయకూడదు.

పార్వతి లోయ

హిమాచల్‌ప్రదేశ్ కుల్లూ జిల్లాలోని పార్వతి లోయ ఈ బుగ్గలకు పుట్టినిల్లు అనదగినది. భుంతర్ దగ్గర బియాస్‌లో కలిసే పార్వతి నది వెంట పైకి వెళితే కసోల్ దాటాక, 1,760 మీటర్ల ఎత్తున మణికర్ణ్ వస్తుంది. ఇరుకు లోయ, రెండు వైపులా నిట్టనిలువు కొండలు, మధ్యలో హోరెత్తే మంచునీటి నది. ఆ నదికి అడుగుల దూరంలోనే మరిగే ఊటలు. శివపార్వతులు ఇక్కడ విహరిస్తుండగా పార్వతి చెవి మణి నీటిలో జారిపడిందనీ, దాన్ని పాతాళంలో దాచుకున్న శేషుడు శివుని కోపానికి భయపడి బుసకొట్టగా మణులతోపాటు మరిగే నీరూ పైకి వచ్చిందనీ స్థలపురాణం. గురునానక్ ఇక్కడికి వచ్చారన్నది సిక్కుల విశ్వాసం. అందుకే శివాలయం, రామాలయం, గురుద్వారా ఒకే చిన్న ఊరిలో ఉన్నాయి.

మణికర్ణ్ గొప్పతనం దాని వంటలో తెలుస్తుంది. గురుద్వారాలో అందరికీ పెట్టే ఉచిత భోజనం, లంగర్ కోసం బియ్యం, పప్పు ఉన్న పెద్ద పాత్రలను మూతపెట్టి ఊటలో దించుతారు. యాత్రికులు చిన్న గుడ్డమూటల్లో బియ్యం, శనగలు కట్టి తాడుతో వేలాడదీస్తారు. నిప్పు లేకుండా ఎసరు కాగుతుంది. అన్నం ఉడకడానికి మన ఇళ్లలో కంటే కాస్త ఎక్కువసేపు పడుతుంది. ఈ నీటిలో నేరుగా దిగడం ప్రాణాంతకం. స్నానపు కుండాల్లో వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడు చేసి వదులుతారు. ఊరు ఇరుకు, జనం ఎక్కువ. మంచుకొండల దృశ్యం కోసం వచ్చినవారు ఇక్కడితో ఆగితే నిరాశపడతారు.

వారు వెళ్లవలసింది ఖీర్‌గంగకు. మణికర్ణ్ దాటాక బర్షైణి దగ్గర బండ్ల దారి ఆగిపోతుంది. అక్కడి నుంచి నక్తాన్ గ్రామం, రుద్రనాగ్ జలపాతం మీదుగా దేవదారు అడవిలో సుమారు 12 కి.మీ. నడక. అలవాటున్నవారికి నాలుగైదు గంటలు పడుతుంది. 2,960 మీటర్ల ఎత్తున అడవి ఒక్కసారిగా విడిపోయి పచ్చిక బయలు వస్తుంది. బయలుకు పైన గోడ కట్టిన కుండం; ఎదురుగా లోయ అవతల మంచు వరసలు. కార్తికేయుడు ఇక్కడ తపస్సు చేశాడని చెబుతారు. ఊట వెంట తెల్లటి పొరలు తేలుతుంటాయి. వాటిని పాయసపు మీగడగా భావించి భక్తులు నమస్కరిస్తారు. ఆడవారికి వేరుగా కప్పు ఉన్న స్నానఘట్టం ఉంది. ఇన్ని బుగ్గల్లో నీరు, కొండ, నడక మూడూ సరిగ్గా కుదిరిన చోటు ఇదేనని నా అభిప్రాయం. గంటల తరబడి ఎక్కి అలసిన కాళ్లకు ఆ వేడి తగిలినప్పుడు కలిగే హాయి, కారు దిగి కుండంలో దిగినవారికి దొరకదు.

నడవలేనివారికి మనాలీ నుంచి 3 కి.మీ. దూరంలో ఉన్న వశిష్ఠ్ గ్రామం సులువు. వశిష్ఠ మహర్షి గుడిని ఆనుకుని ఆడవారికీ మగవారికీ వేర్వేరు కుండాలున్నాయి. ఊరివాళ్లు రోజూ స్నానానికి వస్తారు. బయట ప్రత్యేకంగా కట్టిన తొట్లలో బట్టలు ఉతుక్కుంటారు. ఈ గ్రామానికి వేడినీరు రోజువారీ అవసరం, దేవుడి తీర్థం కూడా.

గఢ్వాల్ కుండాలు

చార్‌ధామ్ యాత్ర చేసిన తెలుగువారికి బాగా తెలిసిన వేడినీటి బుగ్గ బదరీనాథ్‌లోని తప్తకుండం. సుమారు 3,100 మీటర్ల ఎత్తున, గుడి మెట్లకు కింద, అలకనంద ఒడ్డున ఉంది. చలికి వణుకుతూ వచ్చినవారు అందులో మునిగి, ఆ వెచ్చదనం ఒంటిమీద ఉండగానే స్వామి దర్శనానికి మెట్లెక్కుతారు. గుడికి రెండు వైపులా నర, నారాయణ పర్వతాలు. తెల్లవారుజామున ఆకాశం నిర్మలంగా ఉంటే వెనక 6,596 మీటర్ల నీలకంఠ శిఖరం మీద తొలి ఎండ పడుతుంది. ఆ వేళకు కుండం దగ్గరకు చేరుకోవడం మంచిది. గుడి శీతాకాలంలో మూసివేస్తారు కాబట్టి ఏప్రిల్ చివరో మే మొదట్లోనో తలుపులు తెరిచింది మొదలు నవంబరు దాకానే ఈ అవకాశం.

యమునోత్రిలో సూర్యకుండం నీటిలో యాత్రికులు బియ్యం, బంగాళాదుంపలు గుడ్డలో కట్టి ఉడికించి ప్రసాదంగా తీసుకుంటారు. స్నానానికి వేరే కుండాలున్నాయి. గంగోత్రి దారిలో గంగ్నానీ, జోషీమఠ్ నుంచి నీతి లోయ వైపు వెళ్లే దారిలో తపోవన్ బుగ్గలున్నాయి.

లద్దాఖ్, సిక్కిం

నుబ్రా లోయలో, సియాచిన్ వైపు వెళ్లే దారిలో పనామిక్ ఉంది. చెట్టూ చేమా లేని గోధుమరంగు కొండల నడుమ ఊట పారిన రాళ్లు ఎర్రబడి దూరం నుంచే కనిపిస్తాయి. సింధు ఒడ్డున చుమతంగ్ బుగ్గలు నది ఇసుకలోంచే పొగలు చిమ్ముతాయి. పూగా లోయ స్నానానికి కాదు, చూడడానికి.

చాంగ్‌చెన్మో లోయలో హాట్ స్ప్రింగ్స్ అన్న పేరుతోనే ఒక చోటుంది. 1959 అక్టోబరు 21న అక్కడ చైనా సైనికుల దాడిలో పదిమంది భారత పోలీసు సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. ఏటా అదే తేదీన తెలుగు రాష్ట్రాల జిల్లా కేంద్రాల్లోనూ జరిపే పోలీసు అమరవీరుల సంస్మరణ దినానికి మూలం ఆ ఘటనే.

సిక్కింలో లాచుంగ్ దాటాక యుమ్‌తంగ్ లోయ ఏప్రిల్, మే నెలల్లో రోడోడెండ్రాన్ పూలతో నిండి ఉంటుంది. అక్కడి బుగ్గ మీద చిన్న స్నానపు గది కట్టారు. లోపల ఉన్నంతసేపు కొండ కనిపించదు.

స్నానం చేసేవారికి

కొండల్లో వేడినీరు హాయిగానే ఉంటుంది, కానీ శరీరం మీద రెండు భారాలు ఒకేసారి పడతాయి. ఎత్తులో ఆక్సిజన్ తక్కువ; వేడినీటిలో రక్తనాళాలు విప్పారి రక్తపోటు పడిపోతుంది. చాలాసేపు కూర్చుని ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరుగుతాయి. పది పదిహేను నిమిషాలకోసారి బయటికి రావాలి, నీళ్లు తాగుతుండాలి. గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా దిగకూడదు. లేహ్‌కు విమానంలో వెళ్లినవారు కనీసం రెండు రోజులు విశ్రాంతి తీసుకున్నాకే పైకి కదలాలి. 60 డిగ్రీల నీరు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తుంది. కుండంలో కాలు పెట్టేముందు అక్కడివారిని అడగడం తప్పనిసరి. పిల్లలను ఊట పుట్టే చోటికి వెళ్లనివ్వకూడదు.

గోరువెచ్చని మంచినీటిలో అరుదుగా నేగ్లేరియా ఫౌలెరి అనే అమీబా ఉంటుంది. ముక్కు ద్వారా మెదడుకు చేరితే దాదాపుగా ప్రాణాంతకం. తల మునగనిదే స్నానం పూర్తికాదనే ఆచారం ఉన్నవారు ముక్కు గట్టిగా మూసుకుని మునగాలి. సబ్బు, షాంపూ వాడకూడదు. ఆ నీరు నేరుగా నదిలో కలుస్తుంది.

గంధకం నీరు చర్మవ్యాధులను, కీళ్లనొప్పులను నయం చేస్తుందని ప్రతి బుగ్గ దగ్గరా చెబుతారు. వేడికి కండరాలు వదులై నొప్పి తగ్గడం నిజమే. అంతమాత్రాన మందులు మానేయడం ప్రమాదం.

పోయిన బుగ్గలు

పుట్టించిన కొండే ఈ బుగ్గలను చెరిపేయగలదు. కేదార్‌నాథ్ నడక మొదలయ్యే గౌరీకుండ్‌లోని పురాతన కుండం 2013 జూన్ వరదల్లో ధ్వంసమై రాళ్ల కింద పడింది. భూకంపం వచ్చినప్పుడు పగుళ్లు కదిలి నీటి వేడి, ధార మారిపోతాయి. ఇవి ప్రకృతి చేసేవి. మనిషి చేసింది తత్తాపానీలో చూడవచ్చు. సిమ్లా నుంచి యాభై కిలోమీటర్ల దూరంలో, సట్లెజ్ ఒడ్డు ఇసుకలో ఉబికే ఈ బుగ్గలకు మకర సంక్రాంతి నాడు జనం తరలివచ్చేవారు. 800 మెగావాట్ల కోల్‌డ్యామ్ జలాశయం నిండాక ఆ ఒడ్డు నీట మునిగింది. ఇప్పుడు బోర్లు వేసి వేడినీటిని స్నానఘట్టాలకు తెస్తున్నారు. సంక్రాంతి స్నానాలు ఆగలేదు, కానీ ఇసుకలో చేత్తో గుంట తవ్వితే వేడినీరు ఊరే ఆ ఒడ్డు ఇక లేదు. హిమాలయ నదుల మీద ప్రతి ప్రాజెక్టుకూ ముందు బుగ్గల లెక్క కూడా తీయాలి. ఒకసారి మునిగిన ఊటను తిరిగి తెచ్చే ఉపాయం లేదు.

శక్తి వనరుగా

1960ల్లో కేంద్ర ప్రభుత్వం వేడినీటి బుగ్గల మీద ఒక కమిటీ వేసింది. తర్వాతి దశాబ్దంలో పూగాలోనూ మణికర్ణ్‌లోనూ భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ బోర్లు దించింది. మణికర్ణ్‌లో 5 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రాన్నీ, ఈ వేడితోనే నడిచే శీతల గిడ్డంగినీ నెలకొల్పి చూశారు. 2021 ఫిబ్రవరిలో పూగాలో ఒక మెగావాటు కేంద్రం కోసం ఓఎన్‌జీసీ లద్దాఖ్ పాలనా యంత్రాంగంతో ఒప్పందం చేసుకుంది. 2022లో తవ్వుతుండగా భూగర్భ ద్రవం పైకి తన్ని పక్కనున్న వాగులో కలిసింది. అంత ఎత్తున, నల్లమెడ కొంగలు వచ్చే చిత్తడి నేలల మధ్య తవ్వడం ఎంత జాగ్రత్తగా చేయవలసిన పనో అది చూపింది.

హిమాలయాలకు దూరంగా, గోదావరి లోయలోనూ ఇదే సూత్రం పనిచేస్తోంది. ఇక్కడా అగ్నిపర్వతం లేదు. బొగ్గు పొరలున్న పురాతన భ్రంశ లోయ, దాని అంచుల పగుళ్లు ఉన్నాయి. భద్రాచలాన్ని ఆనుకుని, 2014 విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో చేరిన గుండాలలో నది ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీరు ఊరుతుంది. చలికాలంలో త్రిమూర్తులు ఇక్కడ స్నానమాడారని భక్తుల నమ్మకం. మణుగూరు దగ్గర పగిడేరులో బోరుబావి నుంచి ఎగదన్నే వేడినీటితో సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక భూతాప విద్యుత్ కేంద్రాన్ని చేపట్టింది.