టంకశాలలో చెల్లుబాటైన తప్పు

ఒకే వస్తువును లక్షల సంఖ్యలో తయారుచేయునపుడు అన్నియు సరిసమానముగా రావు. ఆ లోపములను పూర్తిగా తొలగింపక ఉత్పత్తిదారులు కొంతవరకు ఏల సహింతురు? ఇందుకు సమాధానము నాణెముల తయారీలో కలదు.

హైదరాబాదు పాతబస్తీలో, మొగల్‌పురా చెంతనున్న సుల్తాన్‌షాహీలో, 1803లో మూడవ ఆసఫ్ జా అయిన సికందర్ జా టంకశాలను నెలకొల్పెను. అది 1903లో సైఫాబాదునకు, 1997లో చర్లపల్లికి తరలినది. నిజాం రాజ్యపు హాలీ సిక్కా రూపాయి ఈ టంకశాల నుండియే వెలువడెను.

యంత్రములు గల టంకశాలలో వెండిని రేకుగా సాగదీసి, బిళ్ళలుగా కత్తిరించి, అచ్చు వేయుదురు. రేకు మందము వెంట్రుకవాసి మారినను బిళ్ళ తూకము మారును. తేలిక బిళ్ళను మరల కరిగింపవలెను. బరువైన దానిని ఆకురాయితో అరగదీయవలెను. ప్రతి బిళ్ళను ఇట్లు సరిదిద్దినచో, మిగిలిన వెండి విలువకంటె కూలి, బొగ్గు ఖర్చులే ఎక్కువగును. అందుచేత చట్టమే తప్పునకు ఒక హద్దు ఏర్పరచినది. బ్రిటిష్ ఇండియాలో 1906 నాటి నాణెముల చట్టము ప్రకారము రూపాయి తూకము 180 గ్రెయిన్లు. అందు వెయ్యింట 5 వంతులు, అనగా 0.9 గ్రెయిను, హెచ్చినను తగ్గినను చెల్లును.

హద్దు మరీ విశాలమైనను చిక్కే. బరువైన నాణెములను ఏరి కరిగించి లాభము పొందువారు బయలుదేరుదురు. బజారులో తేలికవే మిగులును. లండను టంకశాల అధిపతిగా న్యూటన్ ఈ సంగతి గుర్తించి, తూకములోని తేడాలను తగ్గించుటకు పాటుపడెను.

ఇక నూరు రూపాయలను కలిపి తూచితిమనుకొందము. 0.9ని నూటితో హెచ్చించి 90 గ్రెయిన్ల తేడాను ఒప్పుకొనవచ్చునా? అది అర రూపాయి తూకము! తేడాలు కేవలము యాదృచ్ఛికములైనచో హెచ్చులు, తగ్గులు ఒకదానినొకటి చాలవరకు కొట్టివేయును. మొత్తము తేడా నాణెముల సంఖ్యకు వర్గమూలము చొప్పున మాత్రమే పెరుగును. 100కు వర్గమూలము 10 గనుక, హద్దు 9 గ్రెయిన్లు చాలును. అంతకు మిక్కిలి తగ్గినచో యంత్రమైనను చెడియుండవలెను, వెండియైనను ఎవరి చేతికో చిక్కియుండవలెను.

యాదృచ్ఛికమైన తేడాను, కారణము గల తేడాను వేరుచేయు పటమును అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ షూహార్ట్ 1924లో రూపొందించెను. 1947-48లో ఆయన భారతదేశమునకు వచ్చి, ఇక్కడి పరిశ్రమలకు ఈ పద్ధతిని పరిచయము చేసెను.

విద్యుద్దీపము మాడినచో మరియొకటి కొనవచ్చును. ఔషధము గాని, విమానపు మర గాని లోపించినచో పోవునది ప్రాణము. కావున ఏ వస్తువు హద్దు దానిదే. ఆ హద్దును బహిరంగముగా ప్రకటించి, తూచి చూచుచున్నంతవరకే అది పొదుపు, దాచినచో మోసము.